నరహరి గోపాలకృష్ణమ సెట్టి గారు

తొలి తెలుగు నవల ఏదంటే, బడిలో మనమంతా వీరేశలింగం గారి ‘రాజశేఖర చరిత్రము’ అని రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. అది 1878 నాటిది. అంతకు ఆరేళ్ల ముందే, 1872లో, నరహరి గోపాలకృష్ణమ సెట్టి గారి ‘శ్రీరంగరాజ చరిత్ర’ వెలువడింది. ప్రజల ఆచార వ్యవహారాలు తెలిపే రచనలు కావాలన్న గవర్నర్ జనరల్ మేయో ప్రభువు ప్రకటన ఆయనకు ప్రేరణ. లంబాడీల మధ్య పెరిగిన సోనాబాయి ఇందులో కథానాయిక.

సెట్టి గారు కర్నూలులో డిప్యూటీ కలెక్టరుగా పనిచేశారు. ఆయన కూర్చిన కర్నూలు జిల్లా మాన్యువల్ 1886లో మద్రాసులో అచ్చయింది. మన మహానంది అప్పట్లో ఆ జిల్లాలోదే.

ఏది తొలి నవల అన్న వాదం పండితులు తేల్చుకుంటారు. ఆయన పేరు మాత్రం మన పిల్లలకు తెలియాలి. ఈ స్వర్ణోత్సవ వేళ బడి గ్రంథాలయంలో ఆ నవల ప్రతి ఒకటి ఉంచుదామని నా విన్నపం.