307వ నంబర్ గదిలో స్వామీజీ

పోయిన వారం మన ఛానల్‌లో వచ్చిన ప్రభుపాదుల వీడియో చూసే ఉంటారు. దానికి స్క్రిప్ట్ రాసింది నేనే. ఓడ ఎక్కడం, సముద్రం మీద గుండెపోటు, అమెరికాలో దిగడం, ఆ వెంటనే రథయాత్రలు, ప్రపంచమంతా గుళ్ళు. ఎడిటింగ్ అయ్యాక ఒకసారి కూర్చుని చూసుకుంటే, చూసేవాళ్ళని నేనేదో మోసం చేసినట్టు అనిపించింది. ఎందుకంటే ఆయన ఓడ దిగిన రోజుకీ, న్యూయార్క్‌లో మొదటి చిన్న మందిరం తలుపు తెరిచిన రోజుకీ మధ్య సుమారు తొమ్మిది, పది నెలలు ఉన్నాయి. వీడియోలో వాటికి నేనిచ్చింది పద్దెనిమిది సెకన్లు. ఈ పోస్ట్ మొత్తం ఆ నెలల గురించే.

ఇంకో కారణం కూడా ఉంది, దాచడం ఎందుకు. మూడేళ్ళ క్రితం ప్రాజెక్ట్ పని మీద నేను న్యూజెర్సీ వెళ్ళాను. అప్పుడు నాకు పాతికేళ్ళు. నెలనెలా జీతం, ఇన్సూరెన్స్, రోజూ వీడియో కాల్‌లో అమ్మ. ఇండియన్ షాపుకి వెళ్తే గోంగూర కూడా దొరికేది. అయినా డిసెంబర్‌లో ఒక సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతే, కిటికీ దగ్గర కూర్చుని హైదరాబాద్‌కి టికెట్ రేట్లు చూసుకుంటూ ఏడ్చాను. ఆ వారాంతంలోనే ఎవరో చెబితే ప్రభుపాదుల జీవిత చరిత్ర చదవడం మొదలుపెట్టా. అందులో నన్ను పట్టుకున్నది మహిమలు కాదు, ఈ పది నెలలు.

ముందు జీవితం క్లుప్తంగా చెప్పేస్తాను. 1896లో కలకత్తాలో పుట్టారు. పేరు అభయ్ చరణ్ దే. స్కాటిష్ చర్చ్ కాలేజీలో చదువు, తర్వాత మందుల వ్యాపారం, పెళ్ళి, పిల్లలు. 1922లో భక్తిసిద్ధాంత సరస్వతి గారిని మొదటిసారి కలిశారు. చైతన్య మహాప్రభువు బోధని ఇంగ్లీషులో ప్రపంచానికి చెప్పమని ఆయన అడిగారు. మనం ఇక్కడ ఆగి లెక్క వేసుకోవాలి: ఆ మాట విన్నప్పుడు ఈయనకి పాతికేళ్ళు, ఓడ ఎక్కేసరికి 68 దాటాయి. మధ్యలో వ్యాపారం దెబ్బతింది, సొంతంగా నడిపిన పత్రికకి కాగితం కొనడానికి కూడా కష్టమయ్యేది, కుటుంబం నుంచి బయటికి వచ్చేశారు, 1959లో సన్యాసం తీసుకున్నారు. కుటుంబాన్ని వదిలిన సంగతి నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడు పడదు. భక్తులు కోప్పడతారేమో, కానీ ఉన్నమాట చెబుతున్నా. మా ఇంట్లో అమ్మ కూడా ఇదే అడిగింది, ఆ ఇల్లాలి సంగతేంటి నాన్నా అని. నా దగ్గర జవాబు లేదు.

1965 ఆగస్టు 13న కలకత్తా నుంచి జలదూత అనే సరుకుల ఓడలో బయల్దేరారు. టికెట్ ఇచ్చింది సింధియా షిప్పింగ్ కంపెనీ యజమానురాలు సుమతీ మొరార్జీ. ఈ వయసులో వద్దు, అక్కడే పోతారు అని మొదట ఆవిడ వారించారు కూడా. వెంట ఒక సూట్‌కేసు, గొడుగు, కొంచెం ఎండు తిండి, తాను అనువదించి అచ్చు వేయించుకున్న భాగవతం మూడు భాగాల సెట్లు పెట్టెల నిండా. జేబులో 40 రూపాయలు. అప్పటి మారకం రేటులో ఎనిమిది డాలర్ల పైచిలుకు. అమెరికాలో ఆ రూపాయలు ఎలాగూ చెల్లవు. దారిలో రెండు రాత్రులు గుండెపోటు వచ్చింది. ఓడ కెప్టెన్ ఇరవై డాలర్లిచ్చి ఒక భాగవతం సెట్ కొన్నారు. అమెరికాలో ఆయన చేతిలో ఉన్న అసలు సొమ్ము అదే.

సెప్టెంబర్ 17న బోస్టన్, 19న న్యూయార్క్. అక్కణ్ణుంచి బస్సులో పెన్సిల్వేనియా వైపు. బట్లర్ అనే చిన్న ఊళ్ళో ఒక భారతీయ ఇంజనీరు కుటుంబం ఆయనకి స్పాన్సర్. ఇంజనీరు తండ్రి ఇండియాలో స్వామీజీకి తెలుసు, కొడుకు చేత కాగితాలు పంపించాడు. పాపం ఆ కొడుకు మాత్రం నిజంగా ఒక సన్యాసి గుమ్మం ముందుకి వస్తాడని ఊహించలేదు. మా నాన్న కూడా ఇలాగే ఎవరో ఒకరిని మా అపార్ట్‌మెంట్‌కి పంపిస్తూ ఉండేవాడు, అందుకే ఈ భాగం చదివినప్పుడు నవ్వాగలేదు.

ఇల్లు చిన్నది, చంటిపిల్లలు. అందుకని రాత్రి పడక ఊళ్ళోని వై.ఎం.సి.ఎ.లో, పగలు వీళ్ళింట్లో. కాషాయ వస్త్రాలతో, కొనతేలిన తెల్ల రబ్బరు చెప్పులతో పొద్దున్నే ఆ వీధుల్లో నడిచి వచ్చేవారు. తనతో తెచ్చుకున్న మూడంతస్తుల ఇత్తడి కుక్కర్‌లో ఒకే మంట మీద పప్పు, అన్నం, కూరలు ఒకేసారి ఉడికేవి. ఫ్రిజ్‌లో మాంసం కనబడితే మొహం తిప్పుకోలేదు, గొడవా చెయ్యలేదు. ఆ ఇంటి అమెరికన్ కోడలికి మన వంట నేర్పించారు. చుట్టుపక్కల కాలేజీలోనూ, క్రైస్తవ గురుకులంలోనూ మాట్లాడారు. స్థానిక పత్రికలో వార్త వచ్చింది. అంతా మర్యాదగా విన్నారు. తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. ఆయన బట్లర్‌లో ఉండగానే, అక్టోబర్ 3న అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టాడు. దేశాల వారీ పాత కోటాలు తీసేసిన చట్టం అది. మన తెలుగు డాక్టర్లూ ఇంజనీర్లూ వేల సంఖ్యలో అక్కడ స్థిరపడ్డారంటే దాని వల్లే. అదే నెలలో స్వామీజీ కొద్దికాలపు వీసా పట్టుకుని, పొడిగింపు వస్తుందో రాదో తెలీక ఉన్నారు.

నెల తిరగకుండానే ఆయన న్యూయార్క్ వచ్చేశారు. ఆశ్రయం ఇచ్చింది యోగా నేర్పే డాక్టర్ రామమూర్తి మిశ్రా. మిశ్రా అద్వైతి, ఈయన వైష్ణవుడు. ఆయన క్లాసులో ఈయన్ని ఎక్కువ మాట్లాడనిచ్చేవారు కాదు, కీర్తన వరకు సరే అన్నట్టు ఉండేది. కానీ తిండికీ ఆరోగ్యానికీ లోటు చెయ్యలేదు. ఈయన కూడా రోజూ వండి ఆయనకి వడ్డించేవారు. సిద్ధాంతం దగ్గర ఒక్క అంగుళం వెనక్కి తగ్గకుండా, వంట దగ్గర మాత్రం కలిసిపోవడం. ఇది నాకు చాలా నచ్చింది.

అది ఆయన చూసిన మొదటి మంచు. మొదట చూసి, పక్క బిల్డింగ్‌కి ఎవరో సున్నం వేశారనుకున్నారట. నేనైతే మొదటి మంచుకి పరిగెత్తుకెళ్ళి రీల్ తీశా.

1966 ఫిబ్రవరిలో వెస్ట్ 72వ వీధి, 100వ నంబర్ బిల్డింగ్‌లో 307వ గది అద్దెకి తీసుకున్నారు. నెలకి 72 డాలర్లు. గది అనడం కన్నా ఆఫీసు అరలాంటిది అనాలి. వంటిల్లు లేదు, బాత్రూమ్ లేదు. రెండింటికీ పై అంతస్తులో ఉన్న మిశ్రా స్టూడియోకి వెళ్ళాలి. కింద పరిచిన పరుపు, చదువుకోడానికి తన పెట్టె, ఒక టైప్‌రైటర్, పాటలూ క్లాసులూ ఎక్కించుకోడానికి రీళ్ళ టేప్ రికార్డర్.

రోజు ఎలా గడిచేదంటే, తెల్లవారకముందే లేచి జపం, తర్వాత భాగవతం అనువాదం. టైప్‌రైటర్ చప్పుడుతో పొద్దెక్కేది. మధ్యాహ్నం వంట, భోజనం, గిన్నెలు కడుక్కోవడం. తర్వాత భాగవతం సెట్లు చంకన పెట్టుకుని పుస్తకాల షాపులు తిరగడం. సెట్టు ధర 16 డాలర్లు. అద్దె, బియ్యం, తపాలా బిళ్ళలు అన్నీ దాంట్లోనే. సోమ, బుధ, శుక్రవారాల సాయంత్రాలు గదిలోనే గీతా క్లాసు. వచ్చేది వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఒక్కోసారి ఒక వృద్ధురాలు, ఇద్దరు కుర్రాళ్ళు, అంతే. అయినా తాళాలు పట్టుకుని కీర్తన మొదలుపెడితే పూర్తయ్యే వరకు పాడేవారు, ఆ తర్వాత శ్లోకం, వ్యాఖ్యానం. మేం స్టాండప్ మీటింగ్‌కి నలుగురే వస్తే క్యాన్సిల్ చేసేవాళ్ళం.

మిగిలిన టైమంతా ఉత్తరాలు. అదే వీధిలో 143వ నంబర్ బిల్డింగ్ అమ్మకానికి ఉంది, ధర లక్ష డాలర్లు. అక్కడ రాధాకృష్ణుల గుడి కట్టాలని ఆయన పట్టుదల. నెల అద్దెకి పుస్తకాలు అమ్ముకునే మనిషి లక్ష డాలర్ల బిల్డింగ్ బేరం ఆడుతున్నాడన్న మాట. దేశంలో తెలిసిన వాళ్ళందరికీ రాశారు, గురువుగారి మఠంలోని సోదర సన్యాసులకీ రాశారు. కాన్పూర్ పారిశ్రామికవేత్త ఒకరు ఇస్తానన్నారు, కానీ ప్రభుత్వం విదేశీ మారక ద్రవ్యానికి అనుమతిస్తేనే. అప్పట్లో దేశం దగ్గర డాలర్లే లేవు, ఆ జూన్‌లోనే రూపాయి విలువ తగ్గించేశారు. ఇక గుడికి ఎవరిస్తారు? అనుమతి రాలేదు. మఠం నుంచి కూడా సాయం అందలేదు. ఈ భాగం చదువుతుంటే నాకు బాధ కన్నా కోపం ఎక్కువ వచ్చింది. మనవాళ్ళే కదా!

ఈ రోజుల్లోనే ఇంకో అలవాటు ఉండేది ఆయనకి. షిప్పింగ్ కంపెనీ న్యూయార్క్ ఆఫీసుకి వెళ్ళి, ఇండియాకి తర్వాతి ఓడ ఎప్పుడుందో అడిగి తెలుసుకోవడం. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. భక్తుల పుస్తకాల్లో ఈ సంగతి ఉంటుంది కానీ ఎవరూ దాని మీద ఆగరు, మన వీడియోలో నేనూ ఆగలేదు. ఆయన అనుమానంతో అడిగారా, మాములుగా అడిగారా అని నేను తేల్చలేను. కానీ నా మట్టుకు నాకు ఆ ఆఫీసు కౌంటర్ ముందు గొడుగు పట్టుకుని నిలబడ్డ ఆయన, ఆయన మహిమలన్నిటికన్నా దగ్గరగా కనిపిస్తారు. ఓడ తేదీ తెలుసుకునేవారు. వెనక్కి వచ్చి టైప్‌రైటర్ ముందు కూర్చునేవారు.

ఆ టైప్‌రైటర్ కూడా పోయింది. వసంతం వచ్చేసరికి, ఒకరోజు బయటికెళ్ళి వస్తే గదిలో దొంగలు పడ్డారు. టైప్‌రైటర్, టేప్ రికార్డర్ రెండూ మాయం. ల్యాప్‌టాప్ పోతే మనకి ఎలా ఉంటుందో ఊహించుకోండి, అదీ బ్యాకప్ కొనే డబ్బు లేనప్పుడు. తెలిసినవాళ్ళు వేరే టైప్‌రైటర్ చూసిపెట్టారు కానీ ఆయనకి ఇక ఆ గదిలో ఉండబుద్ధి కాలేదు.

ఒక కుర్రాడు తన దగ్గరికి రమ్మంటే బౌరీ అనే పేటకి మారారు. తాగుబోతులు ఫుట్‌పాత్ మీద పడి ఉండే చోటు. లోపలికి వెళ్ళాలంటే ఒక్కోసారి వాళ్ళని దాటుకుని వెళ్ళాలి. పై అంతస్తులో పెద్ద హాలు, సగం క్లాసుకి, సగం ఉండటానికి. విచిత్రం ఏంటంటే ఇక్కడే జనం పెరిగారు. 72వ వీధిలోని పెద్దమనుషులకి పట్టని మనిషి కోసం, పొడుగు జుట్టు సంగీతకారులూ ఇల్లు వదిలొచ్చిన కుర్రాళ్ళూ మెట్లెక్కి వచ్చారు. కానీ చోటిచ్చిన ఆ కుర్రాడే ఒకరోజు ఎల్.ఎస్.డి. మత్తులో పిచ్చెక్కినట్టు మీదికి వచ్చాడు. స్వామీజీ కట్టుబట్టలతో వీధిలోకి వచ్చేశారు. 69 ఏళ్ళు, గుండెజబ్బు, పరాయి దేశం, చేతిలో ఏమీ లేదు. గుడికి డబ్బు పంపాల్సిన వాళ్ళు పంపలేదు, తల దాచుకునే చోటూ పోయింది. ఓడకి టైమ్ అదే అనిపిస్తుంది ఎవరికైనా.

ఆయన ఓడ దగ్గరికి వెళ్ళలేదు. బౌరీకి వచ్చిన కుర్రాళ్ళకి కబురు చేశారు. వాళ్ళు పేపర్లో ప్రకటనలు వెతికి, తలా కొంచెం వేసుకుని, సెకండ్ అవెన్యూలో 26వ నంబర్ షాపు చూశారు. ముందు షాపు, వెనక పెరడు దాటితే చిన్న వాటా. రెండింటికీ కలిపి నెలకి 200 డాలర్లు. పాత అంగడి బోర్డు మీద సాటిలేని కానుకలు అని అర్థం వచ్చే ఇంగ్లీషు పేరు ఉండేది, దాన్ని తీయించలేదు. 1966 జులైలో ఆ అడ్రసు మీదే సంస్థని రిజిస్టర్ చేయించారు. పేరులో అంతర్జాతీయ అన్న మాట పెట్టించారు. అప్పటికి మొత్తం ఆస్తి ఒక అద్దె షాపు!

ఇక్కడి రోజులు వేరు. మధ్యాహ్నం డజను మందికి వండేవారు, అన్నం, పప్పు, చపాతీలు, కూర, పక్కన కుర్రాళ్ళకి పని నేర్పిస్తూ. ఆదివారం పూరీలు, హల్వా, గులాబ్‌జామ్‌లు. క్లాసు మధ్యలో ఒక తాగుబోతు లోపలికి వచ్చి, బాత్రూమ్‌లో వాడే కాగితం చుట్టలు తెచ్చి సింక్ దగ్గర పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. కుర్రాళ్ళు నోరు తెరిచి చూస్తుంటే, ఇతను కూడా సేవ మొదలుపెట్టాడన్న అర్థంలో ఏదో చెప్పి క్లాసు కొనసాగించారు స్వామీజీ.

సెప్టెంబర్‌లో పదకొండు మందికి దీక్ష ఇచ్చారు. అక్టోబర్‌లో దగ్గర్లోని టామ్‌కిన్స్ స్క్వేర్ పార్కులో ఒక ఎల్మ్ చెట్టు కింద రెండు గంటలు కీర్తన చేస్తే వందల మంది చేరారు, కవి ఆలెన్ గిన్స్‌బర్గ్ కూడా వచ్చి ఊగాడు. మర్నాడు న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. అక్కణ్ణుంచి కథ మీకు తెలుసు, వీడియోలో ఉంది.

నేను ఆ రెండు చోట్లకీ వెళ్ళాను. సెకండ్ అవెన్యూ షాపులో ఇప్పటికీ కీర్తన జరుగుతుంది. చెట్టు దగ్గర పార్కు వాళ్ళు ఫలకం పెట్టారు. 72వ వీధికి కూడా వెళ్ళా, కొలంబస్ అవెన్యూ మూల మీద నిలబడి మూడో అంతస్తు కిటికీలు లెక్కపెట్టా. కింద మనుషులు ఫోన్లు చూసుకుంటూ పోతున్నారు. చలికి వేళ్ళు కొంకర్లు పోయి, పది నిమిషాల్లో ట్రైన్ ఎక్కేశా.

ఓడ సంగతి చెప్పలేదు కదా. స్వామీజీ ఆ ఓడ ఎప్పుడూ ఎక్కలేదు. 1967 వేసవిలో మళ్ళీ జబ్బు చేస్తే, జులైలో ఒక శిష్యుణ్ణి వెంటబెట్టుకుని విమానంలో ఢిల్లీ వచ్చారు, కోలుకోడానికి. డిసెంబర్‌లో మళ్ళీ శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగారు.