కాందిశీకుల సేవలో స్వామి ఆత్మానంద

పరమాత్మను విగ్రహమునందు దర్శించుట సులభము. ఇల్లువాకిలి విడిచి పరదేశమున నిలిచిన దీనునియందు దర్శించుట కష్టము. ఈ రెండవ దర్శనమునకై జీవితమును ధారవోసిన సన్న్యాసి రాయపూరు స్వామి ఆత్మానంద.

వీరి పూర్వాశ్రమనామము తులేంద్ర వర్మ. 1929 అక్టోబరు 6వ తేదీన రాయపూరు సమీపమున బర్‌బందా గ్రామమున జన్మించిరి. తండ్రి ధనీరామ్ వర్మ ఉపాధ్యాయులు. శిక్షణార్థము వార్ధాకు వెళ్ళిరి. అందుచే బాలునకు సేవాగ్రామమున గాంధీ మహాత్ముని సన్నిధిలో భజనలు పాడు భాగ్యము లభించెను. 1951లో నాగపూరు విశ్వవిద్యాలయమున గణితశాస్త్రమునందు ప్రథమస్థానముతో ఎం.ఎస్‌సి. పట్టమును పొందిరి. ఐ.ఏ.ఎస్. వ్రాతపరీక్షలో కృతార్థులైనను మౌఖికపరీక్షకు పోక రామకృష్ణ సంఘమును ఆశ్రయించిరి. 1957లో స్వామి శంకరానందజీ వీరికి బ్రహ్మచర్యదీక్ష నొసంగి తేజచైతన్యుడని నామకరణము చేసిరి. 1960లో అమరకంటకమున సన్న్యసించి ఆత్మానందులైరి.

1877లో బాలనరేంద్రుడు తండ్రియొద్ద కొంతకాలము నివసించిన పట్టణము రాయపూరు. వివేకానందస్వామి పాదస్పర్శచే పునీతమైన ఆ చోట ఆశ్రమమును నెలకొల్పుటయే ఆత్మానందుల సంకల్పము. ఆశ్రమము క్రమముగా పెరిగి 1968లో బేలూరు మఠమున కనుబంధమయ్యెను.

1964లో తూర్పు పాకిస్తానునందలి అల్లర్లకు వెఱచి సరిహద్దు దాటిన వంగదేశీయులను ప్రభుత్వము రాయపూరు పొలిమేరలోని మానా శిబిరములలో నిలిపి, అచటినుండి దండకారణ్యమునకు పంపుచుండెను. 1971లో మఱల సుమారు కోటిమంది భారతదేశమున ప్రవేశించిరి. వారిలో కొందఱు మానాకు చేరిరి. రాయపూరు ఆశ్రమము ఈ కాందిశీకుల సేవకు పూనుకొనెను. ఆ సేవకు ఆత్మానందులే నాయకులు.

సేవకులకు నాయకత్వము వహించుట అధికారము చెలాయించుట కాదు. జీతము గొనువానిని ఆజ్ఞాపింపవచ్చును. తనంత తాను వచ్చినవానిని ప్రేమచేతనే నడిపింపవలెను. కాందిశీకునకు కావలసినది పట్టెడన్నము, కట్టుగుడ్డ మాత్రమే కాదు. నిన్నటివఱకు తన పొలమున పంట పండించుకొన్నవాడు నేడు చేయి చాచవలసివచ్చినది. ఇచ్చువాని చూపులో జాలికి బదులు పూజ్యభావ మున్ననే వాని మనస్సు ఊఱట చెందును. నరునియందు నారాయణుని చూడుమను వివేకానందోపదేశమున కర్థమిదియే.

ఇంతకంటె కఠినమైన పరీక్ష 1974లో వచ్చినది. ఛత్తీస్‌గఢ్ ప్రాంతము కఱవు పాలయ్యెను. ఆశ్రమమున శ్రీరామకృష్ణుల ఆలయనిర్మాణమునకై కూర్చిన ధనము సిద్ధముగా నుండెను. భక్తులు దేవునికై యిచ్చిన సొమ్మును వేఱొకదానికి వినియోగింపవచ్చునా? ధర్మసంకటమే. అయినను ఆత్మానందులు ఆ ధనమును క్షామపీడితుల కొఱకు వెచ్చించిరి. ఆలయము వేచియుండగలదు, ఆకలి వేచియుండజాలదు. దేవునికై వచ్చిన ధనము దేవునికే చేరినది. చేరిన ద్వారము మాత్రమే వేఱు. ఆలయమును ఆగిపోలేదు. 1976 ఫిబ్రవరి 2వ తేదీన దాని ప్రతిష్ఠ జరిగెను. ముందు ఆకలిగొన్నవారియందు నైవేద్యము గ్రహించి, పిదప గర్భగుడియందు ప్రవేశించెను స్వామి!

1985లో అబూఝ్‌మాడ్ అడవిబిడ్డల విద్యకై నారాయణపూరున వీరు మఱియొక ఆశ్రమమును స్థాపించిరి. 1989 ఆగస్టు 27వ తేదీన భోపాలునుండి తిరిగి వచ్చుచు రాజనందగాఁవ్ సమీపమున మోటారు ప్రమాదమున దేహము చాలించిరి. అప్పటికి వారి వయస్సు అఱువది యేండ్లైనను నిండలేదు.

ఒకప్పుడు నిరాశ్రయులు తలదాచుకొన్న మానాయందే నేడు రాయపూరు విమానాశ్రయము కలదు. దానికి వివేకానందస్వామి నామ ముంచిరి. అచట దిగు యాత్రికుడు పట్టణమునకు పోవుచు ఒక్కసారి ఆ నేలను తలచుకొనుట మేలు. ఆ నేలమీదనే కొందఱు సేవకులు, జీతము లేక, గుడి లేక, దేవుని కొలిచిరి.