షింకావా వాడలో కగావాగారు

మన ప్రభువు ఈ లోకములో సంచరించిన దినములలో తల వాల్చుకొనుటకు తనదియని చెప్పదగిన చోటు లేకయుండెనని లూకా సువార్త 9వ అధ్యాయములో చదువుచున్నాము. చదివి, తరువాతి వచనమునకు పోవుచున్నాము. రేపటి అద్దె చేత లేక, రేపటి పడక ఎచ్చటనో తెలియని జనుల మధ్య తానును కాపురముండి, వారి రోగములను తన దేహమందు భరించిన యొక దైవజనుని చరిత్ర ఈ నెల చెప్పదలచితిని. ఆయన జపాను దేశస్థుడైన టొయొహికో కగావాగారు.

ఆయన 1888వ సంవత్సరము జూలై 10వ తేదీన కోబే అను ఓడరేవు పట్టణములో పుట్టెను. తండ్రి ధనవంతుడు. తల్లి ఆయన ధర్మపత్ని కాదు. నాలుగైదేండ్ల ప్రాయమందే తలిదండ్రులిద్దరును గతింపగా, ఆ బిడ్డను తండ్రిగారి స్వగ్రామమునకు తీసికొనిపోయి, సవతితల్లియు నాయనమ్మయు పెంచిరి. అన్నము కొదువలేదు గాని ఆప్యాయత కొదువయై యుండెను. తొకుషిమా పట్టణపు పాఠశాలలో చదువుచుండగా మయర్స్ దొరగారును లోగన్ దొరగారును ఆ బాలుని చేరదీసిరి. 1904లో ఆయన బాప్తిస్మము పొందెను. తాను సువార్తికుడనగుదునని చెప్పినప్పుడు బంధువులు చేయి విడిచిరి.

వేదపాఠశాల విద్యార్థిగా నుండగానే, 1907లో, వీధులలో ప్రసంగించుచు తిరిగి తిరిగి, క్షయవ్యాధిచే రక్తము కక్కుకొని పడిపోయెను. బ్రదుకుట కష్టమనుకొనిరి. కొన్ని నెలలు గామగోరి అను సముద్రతీరపు పల్లెలో జాలరి గుడిసె యొకటి తీసికొని ఒంటరిగా నుండెను. ఎండయు, సముద్రపు గాలియు, విశ్రాంతియు దొరకగా దేవుని కృపవలన మెల్లగా కోలుకొనెను. ఈ సంగతి చదువరులు మనస్సులో నుంచుకొనవలెను. ఏలయనగా, మంచి గాలి మనుష్యుని ఊపిరితిత్తులకు ఏమి చేయునో తన దేహమందే నేర్చుకొనిన యీ యౌవనుడు, గాలియే చొరని చోటికి తానై వెళ్లెను.

1909 డిసెంబరు 24, క్రిస్మసుకు ముందటి దినము. ఇరువదియొక్క ఏండ్ల ఆ విద్యార్థి తన కొద్దిపాటి సామానును బండిమీద వేసికొని, కోబే పట్టణములోని షింకావా అను మురికివాడకు కాపురము వెళ్లెను. ఆయన అద్దెకు తీసికొనిన యింటిలో అంతకు ముందు ఒకడు హత్య చేయబడెననియు దయ్యము తిరుగుచున్నదనియు జనులు భయపడుచుండుటచేత, అది చవుకగా దొరకెను.

ఆ వాడ ఎట్లుండెనో కొంచెము వివరముగా చెప్పనీయుడి. ఒకదాని వీపున ఒకటి ఆనుకొనిన వరుస యిండ్లు. అనేకమైన గదులు ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. అట్టి గదిలో తండ్రి, తల్లి, బిడ్డలు, ఒక్కొక్కప్పుడు అద్దె పంచుకొను మరియొక మనుష్యుడు. నీళ్ల కొళాయియు మరుగుదొడ్డియు అనేక కుటుంబములకు కలిపి ఉండెను. కిటికీ లేదు, వెలుగు లేదు. అద్దె నెలకు కాదు, ఏ దినమున కా దినమే కట్టవలెను. పరుపు సయితము లేనివారు దానిని రాత్రికింతయని అద్దెకు తెచ్చుకొందురు. ఒకడు కప్పుకొనిన పరుపే మరునాడు మరియొకడు కప్పుకొనును. వాని గజ్జియు, వాని కండ్ల పుసియు, వాని దగ్గును దానితోకూడ వచ్చును.

మగవారు ఓడరేవులో మూటలు మోయువారు, రిక్షాలు లాగువారు, చిత్తు గుడ్డలు ఏరువారు. స్త్రీలును పిల్లలును ఆ చీకటి గదులలో కూర్చుండి అగ్గిపెట్టెలు అంటించుదురు. వానవచ్చిన దినమున రేవులో పని లేదు. పని లేనిచో కూలి లేదు. మన పల్లెలలో ముసురు పట్టినప్పుడు కూలివాని పొయ్యి ఎట్లుండునో మనకు ఒకరు చెప్పనక్కరలేదు గదా! అయితే అక్కడ ఆ సాయంకాలమే అద్దె అడుగువాడు వచ్చును. అద్దె కట్టినయెడల అన్నము లేదు. అన్నము తినినయెడల గది లేదు. జ్వరము వచ్చినవాడు పండుకొనలేడు, పండుకొనినయెడల చోటు పోవును. గనుక జ్వరముతోనే మూటలు మోయును. కొన్ని నెలలకు మోయలేనివాడై, మునుపటికంటె హీనమైన గదిలోనికి దిగిపోవును. వ్యాధి బీదతనమును, బీదతనము వ్యాధిని ఈలాగున ఒకదానినొకటి లాగుకొని వచ్చుటను కగావాగారు దినదినము చూచుచుండెను.

అన్నిటికంటె ఘోరమైన సంగతి పసిబిడ్డలది. సిగ్గుకొరకు దాచవలసిన శిశువులను కొంత సొమ్ము ముట్టజెప్పి ఆ వాడవారికి పెంపున కిచ్చువారుండిరి. తీసికొనినవాడు కొంత సొమ్ము ఉంచుకొని మరియొకనికి, వాడు మరింత తక్కువకు వేరొకనికి ఇచ్చును. చివరకు ఆ బిడ్డ పాలు లేక, పలుచని గంజితో క్షీణించి చనిపోవును. అట్టి శిశువు నొకదానిని కగావాగారు తన గదికి తెచ్చుకొని, పాలు పట్టి, రాత్రులు మేలుకొని పెంచెను. పాతిపెట్టుటకు ఎవరును లేని వారిని తానే పాతిపెట్టెను.

తన యింటికి వచ్చినవానిని ఆయన త్రోసివేయలేదు. గజ్జితో బాధపడు నొకడు వచ్చి ఆయన పడకను పంచుకొనెను. త్రాగుబోతులును రౌడీలును ఆయనను బెదరించి సొమ్ము తీసికొనిరి. ఒకడు కొట్టగా ముందరి పండ్లు ఊడిపోయెను. ట్రాకోమా అను కంటిజబ్బు ఆ వాడలోనే ఆయనకు సోకి, మరణపర్యంతము విడువలేదు. కొన్ని కాలములలో చూపే లేకుండ పోవుచుండెను. 1913లో ఆయన వివాహమాడిన హారుగారు కర్మాగారములో పని చేసిన యువతి. ఆమె కూడ ఆ వాడలోనే కాపురము పెట్టి, రోగుల పుండ్లు కడిగి, అదే కంటిజబ్బును తెచ్చుకొనెను.

ఆయనను దేవదూతగా చిత్రించుట నాకు ఇష్టము లేదు. 1915లో బీదల మనస్తత్వమును గూర్చి ఆయన ప్రకటించిన గ్రంథములో, జపానులో తరతరములుగా అంటరానివారుగా ఎంచబడిన జనులను గూర్చి నీచమైన మాటలు వ్రాసెను. వారి దురవస్థకు వారి పుట్టుకే కారణమైనట్లు వ్రాసెను. తరువాతి కాలమందు జపాను సంఘములలోనే ఆ వ్రాతలు విమర్శకు గురియయ్యెను. మన పితరులలో అనేకులు ఎట్టి మాటలు పడిరో యెరిగినవారమైన మనము ఈ సంగతిని దాటిపోరాదు. ఇరుకు గదియు తక్కువ కూలియు మనుష్యుని ఎట్లు పాడుచేయునో అంత దగ్గరగా చూచిన కన్నులకే ఈ మసక పట్టెను.

1914లో ఆయన అమెరికాకు వెళ్లి ప్రిన్‌స్టన్ వేదపాఠశాలలో చదివెను. న్యూయార్కు పట్టణములో బట్టలు కుట్టు కూలివారు వేలకొలదిగా ఊరేగింపుగా నడచుట చూచి, ఆయన తలంపు మారెను. షింకావాలో తాను ఒకని లేవనెత్తులోగా పదిమంది అందులో పడుచున్నారు. వారిని పడద్రోయుచున్నది చాలని కూలి. 1917లో మరల షింకావాకు వచ్చి, రోగులకు వైద్యసహాయము ఏర్పాటు చేయుచునే కార్మిక సంఘముల పని చేపట్టెను. మరుసటి సంవత్సరము బియ్యము ధర పెరిగి జపాను దేశమంతట అల్లరులు లేచినప్పుడు, కోబేలో గొప్ప వర్తక సంస్థ యొకదాని భవనమును జనులు తగులబెట్టిరి. ఆకలిగొనిన వారి కోపము ఏమి చేయగలదో దేశము చూచెను.

1920లో ఆయన తన జీవితమును ఆధారము చేసికొని వ్రాసిన నవల లక్షలకొలది ప్రతులు అమ్ముడుపోయెను. వచ్చిన సొమ్ములో అధికభాగము సంఘముల పనికే వ్యయమయ్యెను. 1921లో కోబే ఓడల కర్మాగారములలో దాదాపు 30,000 మంది సమ్మె చేసినప్పుడు ఆయన ముందు నడచి, చేయి ఎత్తవద్దని వారిని వేడుకొని, తానే చెరసాల పాలయ్యెను. ఆ సమ్మె ఓడిపోయెను. అదే సంవత్సరము కోబేలో వినియోగదారుల సహకార సంఘమును, 1922లో సుగియామాగారితో కూడ కౌలురైతుల సంఘమును స్థాపించెను. రైతులతో ఆయనకేమి పని అని కొందరనుకొనిరి గాని, పంటలో సగము భూస్వామికి కొలిచి బ్రదుకలేని కౌలుదారులే పట్టణమునకు వచ్చి షింకావావంటి వాడలను నింపుచుండిరి.

1923 సెప్టెంబరు 1న తోక్యో పట్టణము భూకంపముచేతను అగ్నిచేతను నాశనమైనప్పుడు, ఆయన అక్కడికి పోయి, నిలువ నీడ లేనివారి మధ్య గుడారములలో పని చేసెను. 1927లో జపాను ప్రభుత్వము చెడ్డ నివాస స్థలములను బాగుచేయుటకు చట్టము చేసెను. ఆయన వ్రాతలును మాటలును దానికి తోడ్పడినవి. 1932లో తోక్యోలో వైద్య సహకార సంఘము ఏర్పడెను. బీదలు కొంచెము కొంచెముగా చందా వేసికొని తమ ఆసుపత్రిని తామే కట్టుకొనవలెనన్నది దాని యుద్దేశము. వైద్యుల సంఘము దానిని గట్టిగా ఎదిరించినను అది నిలిచెను.

1938 డిసెంబరులో మద్రాసు దగ్గర తాంబరములో జరిగిన అంతర్జాతీయ మిషనరీ మహాసభకు కగావాగారు వచ్చిరి. తరువాత గాంధీగారిని దర్శించిరి. అప్పటికి జపాను సైన్యము చీనా దేశముపై యుద్ధము చేయుచుండెను. చీనా క్రైస్తవులను క్షమాపణ వేడుకొనినందుకు 1940లో సైనిక పోలీసులు ఆయనను నిర్బంధించిరి.

ఆయన 1960 ఏప్రిల్ 23న తోక్యోలో ప్రభువునందు నిద్రించెను. షింకావాలో రోగుల పుండ్లు కడిగిన హారుగారు మరి ఇరువది రెండేండ్లు జీవించి, 1982లో ఆయనను కలిసికొనెను. కోబే సహకార సంఘము నేటికిని ఉన్నది.