సాలార్ జంగ్ నవాబు – ఆయుధశాల

ఇబ్రహీంపట్నానికి పొరుగునే ఉన్న కొండపల్లి ఖిల్లాను ఎక్కని విద్యార్థులు మనలో అరుదు. 1766 వరకూ నిజాం ఏలుబడిలో ఉండి, ఆ యేడు ఇంగ్లీషు కంపెనీ వారికి చిక్కిన కోట అది. రాళ్లు మిగిలాయి. ఆ రాళ్లమీద కాపలా కాసిన సిపాయిల కత్తులూ తుపాకులూ ఏవని అడిగితే మాత్రం చూపించగలిగినవాడు లేడు. ఇందులో వింతేమీ లేదు. పాత ఇనుముకు కమ్మరి కొలిమిలోనే విలువ. పనికిరాని ఆయుధాన్ని పదిలంగా దాచాలంటే మనిషికి కొంచెం పిచ్చి ఉండాలి, బోలెడంత డబ్బు ఉండాలి. ఈ రెండూ సమృద్ధిగా ఉన్న మహాశయుడొకరు హైదరాబాదులో ఉండేవారు. ఆయనే మూడవ సాలార్ జంగ్, నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్.

సాలార్ జంగ్ అంటే యుద్ధ నాయకుడని అర్థం. ఈయన చేసిన యుద్ధం ఒక్కటీ లేదు. తాతగారైన మొదటి సాలార్ జంగ్ 1853 నుంచి 1883లో మరణించేదాకా నిజాం సంస్థానానికి దివాను. తండ్రి లాయఖ్ అలీ ఖాన్ కూడా కొద్దికాలం దివానుగిరీ చేసినవారే. యూసుఫ్ అలీ 1889 జూన్ 13న పూనాలో జన్మించారు. పాపం, బిడ్డకు నెల నిండకుండానే తండ్రి పోయారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆ పసివాడి సంరక్షణ భారం వహించారు. పెరిగి పెద్దవాడై నిజాం కాలేజీలో చదువుకున్నారు.

1912లో, ఇరవైమూడేళ్ల వయసులో, ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ఆయనను దివానుగా నియమించారు. మన విద్యార్థులు ఎం.ఏ. పూర్తిచేసి ఉద్యోగం కోసం దరఖాస్తులు పెట్టుకునే వయసది! ఆ పదవి ఎన్నాళ్లో నిలవలేదు. ప్రభువుకూ దివానుకూ పొసగక 1914లో రాజీనామా చేశారు. తాతగారు ముప్పై యేళ్లు కూర్చున్న కుర్చీలో మనవడు మూడేళ్లయినా కూర్చోలేదు. పాతికేళ్లకే రాజకీయం ముగిసిపోయింది. ఆ తరువాత ఇంకో ముప్పైనాలుగేళ్లు బతికారు. పెళ్లి చేసుకోలేదు. జాగీర్ల ఆదాయం పుష్కలం. ఇటువంటి స్థితిలో పడిన నవాబులు ఏ దారి పట్టేవారో వేరే చెప్పనక్కర లేదు. ఈయన పట్టిన దారి వేరు. వస్తువుల్ని సేకరించడం మొదలుపెట్టి, దానినే ఉద్యోగంగా చేసుకున్నారు.

ఇంట్లో ఆ వాసన ముందునుంచీ ఉంది. ముసుగు రెబెక్కా అని అందరూ విరగబడి చూసే పాలరాతి విగ్రహాన్ని ఇటలీలో శిల్పి బెంజోనీ చెక్కగా, 1876లో కొన్నది తాతగారే. అయితే తాతగారికది సరదా, మనవడికి వ్యసనం. యూరపు వెళ్లి కొన్నారు. ఇంట్లో కూర్చుని, వెతుక్కుంటూ వచ్చిన వర్తకుల దగ్గరా కొన్నారు. గడియారాలు, దంతపు బొమ్మలు, పింగాణీ, తివాచీలు, అరబ్బీ పారశీక వ్రాతప్రతులు, అన్నీ దివాన్ దేవిడీకి చేరవలసిందే. ఇంతని, ఇటువంటివని ఒక హద్దు లేదు. నిజం చెప్పాలంటే మంచి వస్తువు పక్కనే సంతసరుకు కూడా చేరింది. ఆయన అభిరుచిని కొందరు పండితులు ఆక్షేపించారంటే అందుకే. నా మట్టుకు నాకు ఆ ఆక్షేపణ పూర్తిగా సరి అనిపించదు. అన్నీ తెలిసి ఏరుకునేవాడు కొన్నిటినే కాపాడతాడు.

ఆయుధాల విషయానికి వస్తే ఆయన సంపద అపారం. కత్తులు, బాకులు, డాళ్లు, గండ్రగొడ్డళ్లు, కవచాలు, పాతకాలపు తుపాకులు. ఔరంగజేబు పేరుతో, టిప్పు సుల్తాను పేరుతో చెప్పే ఆయుధాలు అందులో ఉన్నాయి. 1799లో టిప్పు మీదికి నడిచిన నిజాం సేనతో వెళ్లిన మీర్ ఆలం ఈ వంశపు పూర్వీకుడే. మునిమనవల ఇంట టిప్పు పేరున్న ఆయుధం చేరడం చరిత్ర చేసిన చమత్కారం. జహంగీరు బాకు, నూర్జహాను పండ్లు కోసుకునే చాకు ఆయుధాల గదిలో కాక, పచ్చరాతి వస్తువుల మధ్య కనిపిస్తాయి. ఒక మాట మాత్రం చదువుకున్నవాళ్లం గుర్తుంచుకోవాలి. రాజుగారి పేరు తగిలిస్తే కత్తి ధర పెరుగుతుంది, ఈ సంగతి అంగడివాడికి కొన్నవాడికన్నా ముందే తెలుసు. పేరు పక్కన పెట్టి పిడి మీది బంగారు పనిని, ఉక్కులోని నీటిచారలను చూసినా ఆ కత్తులు తక్కువవేమీ కావు.

ఈ సేకరణకు సరిగ్గా ఎదురు పద్ధతి అమెరికాలో ఉంది. అక్కడివారికి నవాబుల కత్తులు లేవు, జేబులో పట్టే పిస్తోళ్లున్నాయి. ఫిలడెల్ఫియాలో హెన్రీ డెరింజర్ చేసిన అరచేతి పిస్తోలు అటువంటిది. 1865లో అధ్యక్షుడు లింకనును పొట్టనబెట్టుకున్నది అదే. అది వాషింగ్టనులో, ఆయనను కాల్చిన ఫోర్డ్ నాటకశాల మ్యూజియంలోనే నేటికీ ఉంది. శామ్యూల్ కోల్ట్ 1849 మోడల్ జేబు రివాల్వర్లు 3 లక్షలకు పైగా తయారైనాయి. గొట్టం మీది నంబరూ, చట్రం మీది నంబరూ, తూటాలు తిరిగే చక్రం మీది నంబరూ ఒకటేనా కాదా అని అక్కడి సేకర్త భూతద్దం పెట్టి చూస్తాడు. ఆ చక్రం చుట్టూ గుర్రపు బండిని దొంగలు అటకాయించే బొమ్మ చెక్కి ఉంటుంది. అది అరిగిపోతే ధర పడిపోతుంది. మెరవాలని తోమితే ఇక చెప్పనే అక్కర లేదు, పాత రంగు పోయిందంటే ప్రాణం పోయినట్టే. ఇత్తడి బిందె దగ్గర్నుంచి తాతగారి కత్తి దాకా చింతపండు పెట్టి తోమేసే మన ఇళ్లకు ఈ సంగతి కాస్త చేరాలి.

నవాబు గారు 1949 మార్చి 2న కాలం చేశారు. అంతకు ముందు సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి సంస్థానం పోయింది. ఆయన పోయిన కొద్ది నెలలకే జాగీర్లు రద్దయినాయి. సంతానం లేదు. బంధువులు వారసత్వం కోసం ముందుకొచ్చారు. గదుల నిండా వస్తువులు, వాటాలకు చేతులు చాచిన జనం! ఒక్కొక్కరూ ఒక్కొక్క పెట్టె పట్టుకుపోయి ఉంటే ఇవాళ ఆ కత్తులు ఏ లండను వేలంలోనో కనబడేవి. దాటిపోయినవి దాటిపోనే పోయాయని హైదరాబాదులో ఇప్పటికీ చెప్పుకుంటారు. మిగిలినది మిగలడానికి కారణం ప్రభుత్వం ఎస్టేటుకు ఒక కమిటీ వేయడం, సరుకును ఒక క్రమంలో పెట్టించడం. ఆ పనికి పిలిచినది ఐరిష్ కవి, కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌ను. ఈయన మనకు పరాయివాడు కాడు, మదనపల్లె కాలేజీలో పనిచేసినవాడు. 1919లో టాగోరు అక్కడికి విడిది వచ్చింది ఈయన ఆహ్వానం మీదే. నవాబు కొన్నారు సరే, ఏది ఎక్కడ పెట్టాలో, దేని పక్కన ఏది ఉండాలో చూసింది ఈ కాలేజీ మాస్టారు!

1951 డిసెంబరు 16న నెహ్రూ దివాన్ దేవిడీలో మ్యూజియాన్ని ప్రారంభించారు. వ్యాజ్యం మాత్రం నడుస్తూనే ఉంది. చివరకు 1958లో వారసులు రాజీపడి సేకరణను భారత ప్రభుత్వానికి ఇచ్చివేశారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున దారుల్‌షిఫాలో కట్టిన కొత్త భవనంలోకి వస్తువులన్నీ తరలాయి.

ఇవాళ మరో సాలార్ జంగ్ పుట్టుకొచ్చి ఇంటినిండా తుపాకులు పెట్టుకుంటానంటే సాధ్యం కాదు. 2019 సవరణ తరువాత లైసెన్సుదారుకు రెండు తుపాకులే, తాతముత్తాతల నుంచి వచ్చినవైనా సరే ఆ లెక్కలోనే. ఇక పేల్చడానికి ఏ విధంగానూ పనికిరాని పురాతనపు తుపాకిని 1959 ఆయుధాల చట్టం మినహాయించింది కానీ, నూరేళ్లు దాటిన పురావస్తువును దేశం దాటించడానికి 1972 చట్టం ఒప్పుకోదు. మన బెజవాడలోనే బాపు మ్యూజియంలో పాత కత్తులు, డాళ్లు కొన్ని ఉన్నాయి, ముందు అవి చూడవచ్చు. హైదరాబాదు వెళ్లే మిత్రులు సాలార్ జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవని గుర్తుంచుకోండి. గంట కొట్టే గడియారం దగ్గర జనం గుమిగూడే వేళ ఆయుధాల గది ఖాళీగా ఉంటుంది, తీరిగ్గా చూడవచ్చు.