గని ఇంజను దగ్గర నేర్చిన చదువు – జార్జ్ స్టీఫెన్‌సన్

క్విజ్ పోటీల్లో రైలింజను ఎవరు కనిపెట్టారని అడిగితే మనమంతా తడుముకోకుండా జార్జ్ స్టీఫెన్‌సన్ అని చెప్పేస్తాం. ఆ జవాబు పూర్తిగా సరైనది కాదు. 1804లోనే రిచర్డ్ ట్రెవితిక్ అనే ఇంజనీరు వేల్స్‌లో ఆవిరి ఇంజనును పట్టాల మీద నడిపించాడు. అయినా రైల్వేల పితామహుడన్న పేరు స్టీఫెన్‌సన్‌కే దక్కింది. ఆ పేరు ఎలా వచ్చిందన్నదాని కంటే, ఏ బడికీ పోని ఆ మనిషి అంత పెద్ద యంత్రాల పని ఎక్కడ నేర్చుకున్నాడన్నదే మనకు ముఖ్యం. ఐటీఐలో ఫిట్టరు, డీజిల్ మెకానిక్ ట్రేడులు పూర్తి చేసి అప్రెంటిస్‌షిప్ కోసం ఎదురుచూస్తున్న మన హాస్టల్ తమ్ముళ్ళను దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాం.

జార్జ్ 1781 జూన్ 9న ఉత్తర ఇంగ్లండులో, న్యూకాజిల్ పట్టణానికి దగ్గరలోని వైలమ్ అనే గని ఊళ్ళో పుట్టాడు. తండ్రి రాబర్ట్ గనిలో నీళ్ళు తోడే ఇంజనుకు బొగ్గు వేసే ఫైర్‌మన్. తల్లి పేరు మేబెల్. ఇద్దరికీ చదవడం, రాయడం రాదు. నాలుగు కుటుంబాలున్న ఇంట్లో ఒక్క గది వీళ్ళది. బడికి పంపే స్తోమత లేదు. చిన్నతనంలో రోజుకు రెండు పెన్నీల కూలికి ఆవులు కాశాడు. తర్వాత బొగ్గులోంచి రాళ్ళు ఏరాడు, గుర్రాన్ని తోలాడు, పద్నాలుగేళ్ళ వయసుకు తండ్రి దగ్గరే సహాయ ఫైర్‌మన్ అయ్యాడు.

ఆ కాలంలో ఇంగ్లండులో పని నేర్చుకోవడానికి ఒక పద్ధతి ఉండేది. తండ్రి ఒక మాస్టర్‌కు సొమ్ము కట్టి, ఒప్పంద పత్రం రాసి, కొడుకును సాధారణంగా ఏడేళ్ళ పాటు అప్రెంటిస్‌గా పెట్టేవాడు. స్టీఫెన్‌సన్ ఇంట్లో ఆ సొమ్ము ఎక్కడిది? ఆయనకు దొరికింది ఇంజను ఒక్కటే. పదిహేడేళ్ళకు న్యూబర్న్ దగ్గర వాటర్ రో గనిలో పంపింగు ఇంజను చూసుకునే పని వచ్చింది. అదే ఇంజనుకు తండ్రి ఫైర్‌మన్‌గా ఉండేవాడు. శనివారం పని ముగిసి అందరూ వెళ్ళిపోయాక జార్జ్ ఆ ఇంజనును భాగాలుగా విప్పి, తుడిచి, ఏది ఎందుకు కదులుతుందో చూసుకుని మళ్ళీ బిగించేవాడు. ఇంజను చెడితే పైవాళ్ళను పిలవాలన్నది నియమం. ఆయన ఇంజనుకు ఆ అవసరం చాలా అరుదుగా వచ్చేది.

అంత చేసినా పద్దెనిమిదేళ్ళ వయసుకు తన పేరు తాను రాసుకోలేడు. జేమ్స్ వాట్ ఇంజన్ల వివరాలు పుస్తకాల్లో ఉన్నాయని తెలిసింది గానీ పుస్తకం తెరిచి లాభం లేదు. అప్పుడు వారానికి మూడు పెన్నీలు కట్టి, వారంలో మూడు రాత్రులు రాత్రిబడికి వెళ్ళాడు. తర్వాత మరో మాస్టారి దగ్గర లెక్కలు మొదలుపెట్టాడు. పలక మీద లెక్కలు వేయించుకుని, ఇంజను పక్కన కూర్చుని చేసి, సాయంత్రం దిద్దించుకునేవాడు. వేలిముద్ర వేసే పెద్దవాళ్ళున్న ఇళ్ళ నుంచి వచ్చిన మనకు ఆ పలక విలువ ఎవరూ చెప్పనక్కరలేదు.

1802లో ఫ్రాన్సెస్ హెండర్సన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. జీతం చాలక చెప్పులు కుట్టాడు, గడియారాలు బాగుచేశాడు. 1803లో కొడుకు రాబర్ట్ పుట్టాడు. ఆ తర్వాత పుట్టిన ఆడబిడ్డ కొద్ది వారాలకే పోయింది. 1806లో భార్య క్షయతో చనిపోయింది. తండ్రికి ఆవిరి కొట్టి కళ్ళు పోయాయి. పిల్లవాడిని, తల్లిదండ్రులను సాకే బరువు ఆయన మీదే పడింది.

కిల్లింగ్‌వర్త్ హై పిట్ గనిలో ఒక కొత్త పంపింగు ఇంజను పెట్టారు. నెలల తరబడి నడిపినా గనిలో నీళ్ళు తగ్గలేదు. పేరున్న ఇంజనీర్లు వచ్చి చూసి వెళ్ళారు. జార్జ్ అప్పుడు పక్క గనిలో బ్రేక్స్‌మన్, అంటే బొగ్గు పైకి లాగే ఇంజనును నడిపే కార్మికుడు. తాను బాగుచేస్తానన్నాడు. పనివాళ్ళను మాత్రం తానే ఎంచుకుంటానని షరతు పెట్టాడు. ఆ రకం ఇంజనులో సిలిండరు నిండా ఆవిరి పట్టి, దాని మీద చన్నీళ్ళు చిమ్ముతారు. ఆవిరి నీరైపోయి లోపల శూన్యం ఏర్పడుతుంది. బయటి గాలి ఒత్తిడికి పిస్టన్ కిందికి దిగుతుంది. చన్నీళ్ళు చాలకపోతే ఆవిరి పూర్తిగా చల్లారదు, దెబ్బలో బలం ఉండదు. జార్జ్ పట్టుకున్న లోపం ఇదే. నీళ్ళు చిమ్మే కుళాయి రంధ్రాన్ని పెద్దది చేశాడు, నీళ్ళ తొట్టిని ఇంకా ఎత్తుకు లేపాడు. కొద్ది రోజుల్లోనే గని ఎండింది. 1812లో ఆయనను గని ఇంజన్లన్నిటి మీదా ఇంజన్‌రైట్‌గా నియమించి, ఏడాదికి 100 పౌండ్ల జీతం ఇచ్చారు. 1814లో అక్కడే తన మొదటి రైలింజను బ్లూషర్‌ను తయారు చేశాడు.

ఇక దీపం సంగతి. గనుల్లో మండే వాయువుకు దీపం మంట తగిలి పేలుళ్ళు జరిగేవి, మనుషులు గుంపులుగా చనిపోయేవారు. 1815 అక్టోబరులో జార్జ్ తాను చేసిన రక్షణ దీపాన్ని గనిలోకి తీసుకెళ్ళి పరీక్షించాడు. ఆ నవంబరులోనే ప్రసిద్ధ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ తన దీపాన్ని రాయల్ సొసైటీ ముందుంచాడు. డేవీకి 2,000 పౌండ్ల బహుమానం వచ్చింది. చదువురాని గని మెకానిక్కుకు అలాంటి ఆలోచన సొంతంగా రాదని, కాపీ కొట్టి ఉంటాడని పెద్దలు తీర్మానించారు. న్యూకాజిల్ వాళ్ళు ఊరుకోలేదు. చందాలు పోగుచేసి ఆయనకు 1,000 పౌండ్లు ఇచ్చారు. ఇద్దరికీ సమాన హక్కు ఉందని పార్లమెంటు కమిటీ తేల్చేసరికి 1833 వచ్చింది. మెకానిక్కు అనే మాటను తక్కువగా పలికే వాళ్ళు అప్పుడే కాదు, ఇప్పుడూ ఉన్నారు.

తనకు లేని రెండింటినీ కొడుక్కి ఇవ్వాలనుకున్నాడు జార్జ్. రాబర్ట్‌ను న్యూకాజిల్‌లో మంచి బడిలో వేశాడు. కుర్రవాడు గాడిద మీద వెళ్ళి వచ్చేవాడు. వాడు తెచ్చిన పుస్తకాలను రాత్రి తండ్రీకొడుకులు కలిసి చదివేవారు. 1819లో కిల్లింగ్‌వర్త్‌లోనే నికొలస్ వుడ్ దగ్గర అప్రెంటిస్‌గా పెట్టాడు. 1822లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి పంపాడు. చేతులు మసి కావాలి, చదువూ రావాలి అన్నది ఆయన లెక్క. 1823లో కొడుకు పేరు మీదే న్యూకాజిల్‌లో రైలింజన్ల కర్మాగారం పెట్టారు.

1825లో స్టాక్టన్–డార్లింగ్టన్ రైలుమార్గం మొదలైంది. అదే ఏడాది లివర్‌పూల్–మాంచెస్టర్ లైను బిల్లు మీద పార్లమెంటు కమిటీ ఆయనను ప్రశ్నించింది. సర్వే కొలతల్లో తప్పులున్నాయి. అవి కిందివాళ్ళు తీసినవే, కానీ ఆయన సరిచూసుకోలేదు. ఆ విషయంలో ఆయనను వెనకేసుకు రాలేం. అయితే లాయర్లు కొలతలతో ఆగలేదు, ఆయన యాసనూ ఎగతాళి చేశారు. బిల్లు పోయింది. మరుసటి ఏడు బిల్లు గెలిచింది, ఆయననే మళ్ళీ పిలిచారు. 1829లో రెయిన్‌హిల్ పోటీలో రాబర్ట్ తయారు చేయించిన రాకెట్ ఇంజను గెలిచింది. 1830 సెప్టెంబరు 15న లైను మొదలైంది. ఈనాడు హైదరాబాదు మెట్రో నడిచే 1,435 మిల్లీమీటర్ల గేజి ఆ గని పట్టాల నుంచి వచ్చిన కొలతే.

1847లో బర్మింగ్‌హామ్‌లో మెకానికల్ ఇంజనీర్ల సంస్థ ఏర్పడినప్పుడు, ఏ అప్రెంటిస్ పత్రమూ లేని జార్జ్‌ను మొదటి అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. 1848 ఆగస్టు 12న చెస్టర్‌ఫీల్డ్‌లో ఆయన కన్నుమూశాడు. అంతకు ముందు సంవత్సరమే రాబర్ట్ విట్‌బీ నుంచి గెలిచి, తండ్రి యాసను ఎగతాళి చేసిన ఆ పార్లమెంటులోనే సభ్యుడిగా కూర్చున్నాడు.