రేడియో అన్నయ్య

బాలలకు కథలన్న మిక్కిలి ప్రీతి. సాధారణముగా పెద్దలు కథ చెప్పుదురు, పిల్లలు విందురు. పిల్లలచేతనే కథలు చెప్పించి ఆ ప్రీతిని పెంపొందించిన మహనీయుడు న్యాయపతి రాఘవరావు.

ఆయన 1905లో జన్మించెను. మదరాసు రేడియో కేంద్రము 1938లో ప్రారంభమైనది. అచ్చటి తెలుగు బాలల కార్యక్రమములను రాఘవరావును, ఆయన సతీమణి కామేశ్వరియు నిర్వహించిరి. ఆంధ్రదేశమునందలి పిల్లలు వారిని రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని ఆప్యాయముగా పిలుచుకొనిరి.

రేడియోలో మాటలాడు భాగ్యము కొందరికే లభించును. ఆ దంపతులు 1940లో స్థాపించిన బాలానంద సంఘమున ఎందరో బాలలకు చోటు దొరికెను. అచ్చట పిల్లలు గుమిగూడి కథలు చెప్పుచు, పాటలు పాడుచు, నాటికలాడుచు నుండెడివారు. దూరమున నున్నవారికొరకు 1945లో ‘బాల’ అను మాసపత్రిక వెలువడెను. అందు పిల్లల రచనలకును తావు కల్పించిరి. ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ ఆ పత్రికలోనే అచ్చయినది. అప్పటికి ఆయన పదునాలుగేండ్ల బాలుడు.

1956లో ఆ దంపతులు హైదరాబాదు చేరి, తమ సేవను అచ్చటను కొనసాగించిరి. కామేశ్వరి 1980లోను, రాఘవరావు 1984లోను పరమపదించిరి.

బాలుడు తడబడుచు చెప్పు కథను ఓపికతో ఆలకించు పెద్దలున్నచో, వాడు మరియొక కథ చెప్పుటకు ముందుకు వచ్చును. ఆ ఓపికయే రేడియో అన్నయ్య తెలుగు బాలలకు చేసిన మహోపకారము.