కోత చూడని విత్తువాడు



చార్మినార్ చుట్టూ ఉన్న సందుల్లో రోజుకు ఐదుసార్లు నమాజు పిలుపు వినిపిస్తుంది. మన కుటుంబాల్లో అనేకులు ఆ సందుల గుండానే ఆదివారం ఆరాధనకు వెళ్తారు. మరి ఆ పొరుగువారికి మన ప్రార్థనల్లో ఎంత చోటుంది? భయంతోనో కోపంతోనో కాక, ప్రేమతో వారిని ప్రభువు సన్నిధికి తెస్తున్నామా? ఈ ప్రశ్న వచ్చినప్పుడు హెన్రీ మార్టిన్ జీవితం మనకు గుర్తుకు రావాలి.

మార్టిన్ 1781లో ఇంగ్లండులోని ట్రూరో పట్టణంలో జన్మించారు. పసితనంలోనే తల్లిని కోల్పోయారు. 1801లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో విశ్వవిద్యాలయానికే మొదటివాడిగా నిలిచారు. న్యాయవాది కావాలన్న ఆశ ఉండేది. అయితే తండ్రి మరణం ఆయనను దేవుని వైపు తిప్పింది. చార్లెస్ సిమియోను బోధ, అమెరికా ఆదివాసుల మధ్య శ్రమించిన డేవిడ్ బ్రెయినార్డు జీవిత చరిత్ర ఆయనలో సువార్త భారాన్ని పుట్టించాయి. ఇంటి ఆస్తి పోవడంతో చెల్లెలి పోషణ కూడా ఆయనపై పడింది. అందుచేత ఈస్టిండియా కంపెనీ చాప్లెయిన్‌గా 1805లో ఓడ ఎక్కారు. ఆయన ప్రేమించిన లిడియా గ్రెన్‌ఫెల్ ఆయనతో రాలేదు. ఆయన అవివాహితుడిగానే మిగిలిపోయారు.

1806లో కలకత్తా చేరి, తర్వాత దానాపూర్‌లోను, 1809 నుండి కాన్పూర్‌లోను సేవ చేశారు. సిపాయిల ఆరాధన చూసుకుంటూనే, మీర్జా ఫిత్రత్ అనే ముస్లిం పండితుని సాయంతో క్రొత్త నిబంధనను ఉర్దూలోనికి తర్జుమా చేశారు. పొరుగువాని ఎదుట విద్యార్థిగా కూర్చోకుండా అతని భాషలో సువార్త చెప్పలేమని ఆయన జీవితమే చూపిస్తుంది. వాదంలో గెలవడం వలన హృదయాలు మారవని కూడా ఆయన అనుభవంతో తెలుసుకున్నారు.

కాన్పూర్‌లో ఆదివారాలు ఆయన ఇంటి ఆవరణలో వందలాది బిచ్చగాళ్లు చేరేవారు. ఆయన వారికి దానమిచ్చి వాక్యం చెప్పేవారు. ఆ వింత చూడవచ్చిన వారిలో షేక్ సాలిహ్ ఒకరు. విన్న మాట ఆయనను వదల్లేదు. 1811లో పెంతెకొస్తునాడు కలకత్తాలో బాప్తిస్మం పొంది అబ్దుల్ మసీహ్ అయ్యారు. అప్పటికే మార్టిన్ ఓడలో పర్షియా దిశగా వెళ్లిపోయారు. ఆ బాప్తిస్మాన్ని కళ్లారా చూడలేదు. అబ్దుల్ మసీహ్ ఆ తర్వాత ఆగ్రాలో రోగులకు మందులిస్తూ, సంఘాన్ని కాస్తూ, 1825లో బిషప్ హెబర్ చేత అభిషేకం పొందారు.

క్షయతో క్షీణిస్తున్నా మార్టిన్ షీరాజ్ చేరి, మీర్జా సయ్యద్ అలీతో కలిసి 1812 ఫిబ్రవరి నాటికి పారశీక క్రొత్త నిబంధనను ముగించారు. దానిని షాకు స్వయంగా ఇవ్వాలనుకున్నా జ్వరం ఆయనను పడగొట్టింది. బ్రిటిషు రాయబారి దానిని షాకు అందజేశారు. స్వదేశానికి బయలుదేరిన మార్టిన్ 1812 అక్టోబరు 16న టర్కీలోని తోకాట్‌లో ఒంటరిగా కన్నుమూశారు. వయస్సు 31 ఏళ్లు. ఆయన ఉర్దూ క్రొత్త నిబంధన 1814లో సెరాంపూర్‌లో అచ్చయినప్పుడు ఆయన లేరు.

1930లో లాహోర్‌లో ఆయన పేరున మొదలైన సంస్థ ఈనాడు మన హైదరాబాదులోని శివరాంపల్లిలో ఉంది. మతకలహాలు గాయపరిచిన పాతబస్తీలో, సుల్తాన్‌షాహీ ప్రాంతంలో, హిందూ ముస్లిం స్త్రీలు, పిల్లలు ఒకచోట కలిసి నేర్చుకునేందుకు ఆ సంస్థ పనిచేసింది.

ప్రియులారా, ఫలితం కనబడలేదని మనం త్వరగా ప్రార్థన మానేస్తాము. మార్టిన్ ఒక్క కోతైనా చూడకుండానే విత్తనం చల్లి వెళ్లారు. ఈ వారం మీ వీధిలోని ఒక ముస్లిం కుటుంబాన్ని పేరుపేరునా ప్రార్థనలో పెట్టండి. వారి క్షేమం అడగండి, కష్టంలో తోడుండండి, వారి మాట ఓపికగా వినండి. హృదయాలను తెరచే పని ప్రభువుది. ప్రేమించే పని మనది.